మూడున్నర కిలోలు

మా బృందానికి ఒకే ఒక్క నియమం ఉండేది. మనిషికి ఏడు కిలోల సంచి, అంతే. విమానంలో ఒక్కొక్కరికి ఒక పెద్ద పెట్టె తీసుకెళ్ళే వీలుంది కాబట్టి, ఆ పెట్టె మొత్తం క్యాంపు సామానుకే. మందులు, కంటి చుక్కలు, పరీక్ష చేసే సాధనాలు, కళ్ళజోళ్ళు. సొంత బట్టలూ, సబ్బూ, దువ్వెనా అన్నీ ఆ ఏడు కిలోల్లోనే ఇముడ్చుకోవాలి. నియమం పెట్టింది డాక్టరమ్మ. దాన్ని అందరి నెత్తినా రుద్దింది మాత్రం నేను.

నేను కళ్ళద్దాల షాపులో ఫిట్టరుని. ఇరవై ఆరేళ్ళుగా అదే షాపు, అదే వెనక గది, కిటికీ పక్కన అదే బల్ల. ముందు గదిలో జనం అద్దం ముందు నిలబడి ఫ్రేములు మార్చి మార్చి పెట్టుకుని మురిసిపోతుంటారు. వెనక గదిలో నేను అద్దాలు అరగదీసి, ఫ్రేముల్లో బిగించి, కంటికి ఆనని స్క్రూలు తిప్పుతుంటాను. వచ్చేవాళ్ళలో సగం మందికి అసలు వెనకో గది ఉందనే తెలియదు. డాక్టరమ్మకి తెలుసు. వీధి చివర ఆవిడ కంటి ఆసుపత్రి. ఆవిడ రాసే చీటీలన్నీ మాకే వచ్చేవి. ఏటా రెండు వారాలు ఎక్కడో సముద్రం మధ్యనున్న వేడి దేశానికి వెళ్ళి, ఉచితంగా కళ్ళు చూసి వస్తుందని విన్నాను. ఆ ఏడాది ఆవిడతో వెళ్ళాల్సిన ఫిట్టరు మెట్ల మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం ఆవిడే మా వెనక గదిలోకి వచ్చి, నా బల్ల మీది పొడి చేత్తో తుడిచి, దాని అంచున కూర్చుని, "అద్దాలక్కా, మీకు పాస్‌పోర్టు ఉందా?" అంది.

లేదు. ఆరు వారాల్లో తెచ్చుకున్నాను.

నిజం చెప్పొద్దూ, ఆ రోజు నుంచి నా కాళ్ళు నేల మీద లేవు. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. "మా ఆవిడ విమానమెక్కి సేవ చెయ్యడానికి పోతోంది" అని డిపోలో ఒక్కొక్కళ్ళనీ ఆపి మరీ చెప్పాడు. నేను మాత్రం "అబ్బే, అందులో ఏముంది" అంటూనే, ఎవరైనా ఇంకోసారి అడుగుతారేమోనని చూసేదాన్ని.

బయల్దేరడానికి రెండు రోజుల ముందు అందరం ఆసుపత్రి హాల్లో కలిశాం. మొత్తం నలుగురం. డాక్టరమ్మ, ఆవిడ దగ్గర కొత్తగా చేరిన చిన్న నర్సు, పేర్లు రాసుకోవడానికి వస్తున్న లెక్కల మాస్టారు, నేను. మాస్టారు రిటైరై అయిదేళ్ళయింది. మనిషి మంచివాడే, కానీ దేన్నయినా రుజువు చేస్తేగానీ ఊరుకోడు. మా ఆయన దగ్గర వేలాడే త్రాసొకటి అడిగి పట్టుకెళ్ళాను. ఎవరూ చెప్పకుండానే తూకం పని నెత్తిన వేసుకున్నాను. మాస్టారి సంచి ఏడున్నర చూపించింది. లావుపాటి పుస్తకం ఒకటి బయటికి తీయించాను. చిన్న నర్సుది తొమ్మిది.

"ఇదేంటమ్మాయ్?"

"దుప్పటి అక్కా. మా అమ్మ కుట్టింది. అది లేకపోతే నాకు నిద్ర పట్టదు."

"మనం వెళ్ళేది చెమటలు కారే దేశానికి. దుప్పటెందుకు? నీ నిద్ర కోసం అక్కడ ఒకళ్ళ మందులు ఆపుతామా?"

మాట జారాక గానీ అది ఎంత కటువుగా ఉందో తెలియలేదు. ఆ పిల్ల దుప్పటి తీసి మడిచి, ఆసుపత్రి బీరువాలో పెట్టింది. డాక్టరమ్మ నవ్వి, "అద్దాలక్క ఉంటే నాకు బెంగలేదు" అంది. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను.

ఇంటికొచ్చి నా సంచి తూచాను. పదకొండు దాటింది.

బట్టలు తగ్గించాను. తువ్వాళ్ళు రెండింటిని ఒకటి చేశాను. అయినా పదిన్నర. అసలు బరువంతా నాలుగు వస్తువులది. మొదటిది దిండు. ఏళ్ళ తరబడి బల్ల మీదికి వంగి వంగి నాకు మెడ పట్టేసింది. గట్టి దూదితో ప్రత్యేకంగా కుట్టించుకున్న దిండు మీద తప్ప పడుకోలేను. రెండోది నీళ్ళు కాచుకునే కరెంటు కెటిల్. మూడోది టీపొడీ, పంచదారా, బిస్కెట్లూ వేసిన డబ్బా. పొద్దున్నే నా చేతి టీ పడకపోతే నేను మనిషిని కాను. నాలుగోది కొత్త బూట్లు. వీటిలో ఏ ఒక్కటీ తీయబుద్ధి కాలేదు.

మా ఆయన గుమ్మంలో నిలబడి నవ్వాడు. "అందరి సంచులూ తూచి వచ్చావు. నీ సంచి ఎవరు తూస్తారే?"

"నువ్వు వెళ్ళి పని చూసుకో" అన్నాను.

నాతో వచ్చే పెద్ద పెట్టె మంచం పక్కనే ఉంది. అందులో మూడు వందల ఇరవై కళ్ళజోళ్ళు. నంబర్ల వారీగా నేనే సర్దాను, జాబితా నేనే రాశాను. డాక్టరమ్మ దాన్ని టైపు చేయించి, ముద్ర వేయించి తెచ్చింది. పెట్టె మూత తీశాను. అడుగున ఇరవై నాలుగు జోళ్ళు గట్టి డబ్బాల్లో ఉన్నాయి. పది నుంచి పన్నెండు నంబరు దాకా ఉన్న, సీసా అడుగంత మందం గాజు అద్దాలు. పాతకాలంలో కంట్లో శుక్లం తీసేసినప్పుడు లోపల లెన్సు పెట్టేవాళ్ళు కాదు. అలా ఆపరేషన్ అయినవాళ్ళు జీవితాంతం ఈ లావు అద్దాలు పెట్టుకోవాల్సిందే. అవి లేకపోతే కన్ను ఉండీ లేనట్టే. ఇప్పుడు అందరికీ కంట్లోనే లెన్సు పెడుతున్నారు. మా షాపులో ఆ నంబరు చీటీ చూసి పదేళ్ళు దాటింది. డాక్టరమ్మ మాత్రం, "ఎవరైనా ఉండొచ్చక్కా, వెయ్యండి" అని పాత పేషెంట్ల దగ్గర అడిగి అడిగి పోగుచేసింది.

ఎవరుంటారు అనుకున్నాను. ఆవిడ డాక్టరే గానీ అద్దాల సంగతి నాకు తెలిసినంత ఆవిడకి తెలుసా అని కూడా అనుకున్నాను.

ఆ ఇరవై నాలుగూ తీసి తూచాను. మూడున్నర కిలోలు. దిండుకీ, కెటిల్‌కీ, డబ్బాకీ, బూట్లకీ సరిగ్గా సరిపోయింది. జోళ్ళని ఒక గుడ్డ సంచిలో వేసి కుట్టు మిషను కిందకి తోశాను. జాబితా ముట్టుకోలేదు. ముద్ర పడిన కాగితం, ఎలా ముట్టుకుంటాను?

"అవేంటి?" అన్నాడు మా ఆయన.

"మిగిలినవి" అన్నాను.

* * *

రెండు విమానాలు మారి, ఒక పడవెక్కి, మూడో రోజు మధ్యాహ్నానికి చేరాం. దిగగానే వేడి తడి గుడ్డలా ముఖానికి అతుక్కుంది. ఆరోగ్య కేంద్రం అంటే రేకుల కప్పున్న ఒక పొడుగాటి హాలు, పక్కన రెండు గదులు, వెనక మేం ఉండే వసారా. ఒక గది స్టోరు. దానికి ఒకటే తాళం. ఆ తాళం చెవి నీలం దారంతో స్టోరు చూసే ఆవిడ మెళ్ళో ఉండేది.

అక్కడి వాళ్ళ భాష మాకు రాదు. మా భాష వచ్చింది ఆవిడ ఒక్కర్తికే. వయసులో ఉండగా మా వైపు ఒక నర్సింగ్ హోములో తొమ్మిదేళ్ళు ఆయాగా పనిచేసిందట. అందుకని స్టోరుతో పాటు మా మాటలు వాళ్ళకీ, వాళ్ళ మాటలు మాకూ చెప్పే పని కూడా ఆవిడదే. నలభై ఏళ్ళుంటాయి. సన్నగా, గబగబా నడిచే మనిషి. మొదటి గంటలోనే నన్ను "అక్కా" అనడం మొదలుపెట్టింది.

సామాను దించగానే జాబితా తీసుకుని నా పెట్టె దగ్గర కూర్చుంది. "అక్కా, ఒక్కొక్కటీ తీసి చూపించండి. లెక్కపెట్టి సంతకం పెడతాను."

మూడు రోజుల ప్రయాణంతో ఒళ్ళు హూనమై ఉంది. అది ఒక కారణం. అసలు కారణం నాకు తెలుసు.

"నేనే లెక్కపెట్టి సర్దానమ్మా. మళ్ళీ ఎందుకు? నా మీద నమ్మకం లేదా?"

ఆవిడ సిగ్గుపడింది. "అయ్యో, అలా ఎందుకంటాను?" అంటూ సంతకం పెట్టేసింది.

మొదటి మూడు రోజులూ నేను అంత సంతోషంగా ఎప్పుడూ పనిచేయలేదనే చెప్పాలి. తెల్లవారేసరికి హాలు ముందు జనం. డాక్టరమ్మ చూసి నంబరు చెప్పేది. నేను జోడు తీసి, చెవుల దగ్గర వంచి, ముక్కు మీద సర్ది పెట్టేదాన్ని. ఒక బడిపంతులమ్మ దగ్గరి అద్దాలు పెట్టుకుని తన చేతి గీతలు చూసుకుంటూ పది నిమిషాలు కదల్లేదు. ఒక పడవ నడిపేవాడు గోడ మీద బల్లిని చూసి దాని కాళ్ళు లెక్కపెట్టాడు. పొద్దున్నే నా టీ నేను కాచుకునేదాన్ని. అందరికీ ఇచ్చేదాన్ని కూడా. కెటిల్ ఎక్కడిదని చిన్న నర్సు అడిగితే, "నా ఏడు కిలోల్లోదే, సర్దుకోవడం తెలియాలి" అన్నాను.

నాలుగో రోజు వలలు అల్లే ముసలావిడ వచ్చింది. కోడలు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. ముసలావిడ ఇంకో చేతిలో ఒక గాజు ముక్క ఉంది. గుండ్రటి, లావుపాటి అద్దం, మధ్యలో పెద్ద పగులు. దాన్ని కంటికి ఆనించుకుని హాలంతా చూసింది. ఆ మందం ఏ నంబరుదో చూడగానే నాకు తెలిసిపోయింది.

స్టోరావిడ అడిగి చెప్పింది. "ఇరవై రెండేళ్ళ కిందట ఎవరో డాక్టర్లు ఓడలో వచ్చి రెండు కళ్ళకీ ఆపరేషన్ చేశారంట. అప్పుడిచ్చిన అద్దాలంట. మొన్న గాలివానలో కిందపడి, ఒకటి పొడైపోయింది, ఒకటి ఇలా మిగిలింది. అప్పటి నుంచి వల ముడులు వేళ్ళతో తడిమి వేస్తోందంట."

డాక్టరమ్మ లైటు వేసి చూసి, నా వైపు తిరిగింది. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. "చూశారా అక్కా, ఇలాంటి వాళ్ళ కోసమే ఆ పెద్ద నంబర్లు వెయ్యమన్నాను. పదకొండు నంబరు తెండి."

లేచి స్టోరులోకి వెళ్ళాను. పెట్టె ముందు కూర్చుని, లేవని తెలిసిన జోళ్ళ కోసం వెతికాను. ఎందుకు వెతికానంటే ఏం చెప్పను? చేతులు వాటంతట అవే వెతుకుతున్నాయి. ఎవరైనా చూస్తే నిజంగానే వెతుకుతున్నాననుకుంటారు. కాసేపటికి స్టోరావిడ వచ్చి పక్కన కూర్చుని ఆవిడా వెతికింది. మిగతా పెట్టెలు కూడా దింపింది.

"కనపడటం లేదు" అన్నాను బయటికొచ్చి.

"రేపు రమ్మని చెప్పండి, దొరుకుతాయి" అంది డాక్టరమ్మ.

మర్నాడు ముసలావిడతో పాటు ఇంకో ఆరుగురు వచ్చారు. అందరూ అదే ఓడలో ఆపరేషన్ అయినవాళ్ళు. పెద్ద అద్దాలిస్తున్నారని ఆ నోటా ఈ నోటా పాకింది. ఏడుగురూ గోడ వారగా బెంచీ మీద ఒకళ్ళ భుజం ఒకళ్ళకి ఆనించి కూర్చున్నారు. డాక్టరమ్మ జాబితా తెప్పించి, వేలు పెట్టి చదివింది.

"పది నుంచి పన్నెండు. ఇరవై నాలుగు. ఎక్కడికి పోతాయి?"

మాస్టారు కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "బయల్దేరినప్పుడు ఉన్నాయి. ఇక్కడ దించినప్పుడు ఉన్నట్టు సంతకం ఉంది. ఇప్పుడు లేవు. మధ్యలో తాళం చెవి ఒక్కరి దగ్గరే ఉంది. ఇందులో ఆలోచించడానికేముంది?"

మా మాటలు అర్థమయ్యే ఆవిడ అక్కడే నిలబడి ఉంది. మెళ్ళో దారం పట్టుకుంది. మాస్టారి వైపు చూడలేదు, డాక్టరమ్మ వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"అక్కా, మీరు లెక్కపెట్టారుగా. పెట్టెలో ఉన్నాయిగా?"

అప్పుడు చెప్పేస్తే సరిపోయేది. కోపగించుకునేవాళ్ళు, నాలుగు మాటలనేవాళ్ళు, అయిపోయేది. కానీ డాక్టరమ్మ నా ముఖంలోకి చూస్తోంది. అద్దాలక్క ఉంటే బెంగలేదన్న ముఖం అది.

"ఉన్నాయి" అన్నాను.

అక్కడి ఆరోగ్య శాఖ ఆఫీసరొకడు రోజూ వచ్చి పోయేవాడు. కబురు అతని దాకా వెళ్ళింది. అతను వచ్చి, చెయ్యి చాచాడు. స్టోరావిడ మెళ్ళోంచి దారం తీసి తాళం చెవి అతని చేతిలో పెట్టింది. పెట్టి, తిరిగొచ్చి హాల్లో తన చోట నిలబడి, మాటలు చెప్పే పని మళ్ళీ మొదలుపెట్టింది. ఆ రోజంతా అలాగే చేసింది. 'చదవగలుగుతున్నావా అని అడుగుతున్నారు', 'ఎడమ కన్ను నొప్పి అంటోంది'. గొంతులో ఏ మార్పూ లేదు. నన్ను మాత్రం మళ్ళీ ఏమీ అడగలేదు.

నేను నా పని చేశాను. ఒక స్క్రూ చేజారి కిందపడితే, చిన్న నర్సు వంగి వెతికి ఇచ్చి, "పాపం, మీరు ఎంత బాధపడుతున్నారో అక్కా" అంది. కాదనలేదు.

మర్నాడు పొద్దున ఆఫీసరు వచ్చి, ఆవిడ ఇల్లు చూడాలన్నాడు. పోయిన జోళ్ళు ఎలా ఉంటాయో తెలిసిన మనిషి ఒకరు తోడు రావాలన్నాడు. ఆ మాట మాకు చెప్పాల్సింది కూడా ఆవిడే. "మా ఇల్లు వెతుకుతారంట. కళ్ళజోళ్ళు గుర్తుపట్టడానికి అక్కని రమ్మంటున్నారు" అని తన నోటితో తనే చెప్పింది. మాస్టారు కూడా బయల్దేరాడు.

ఆవిడ ఇల్లు హాలుకి అయిదు నిమిషాల దూరం. ఒకటే గది. కిటికీకి సగం దాకా పాత గుడ్డ. ఒక మూల స్టవ్వు, రెండు గిన్నెలు. ఇంకో మూల మంచం, దాని మీద ఆవిడ తల్లి. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయిన ముసలి ప్రాణం. మమ్మల్ని చూసి చుట్టాలనుకుని లేవబోయింది, లేవలేకపోయింది.

ఎవరూ అడక్కుండానే స్టోరావిడ తన రేకు పెట్టె లాగి మూత తీసింది. ఒక్కో వస్తువూ తీసి నేల మీద పరిచింది. నాలుగు జతల బట్టలు. ఒక స్వెటరు, మా వైపు పనిచేసినప్పటిది కాబోలు, ఆ దేశంలో దానితో పనేముంది? కొన్ని ఫోటోలు. నర్సింగ్ హోము వాళ్ళిచ్చిన మంచి నడవడిక కాగితం, ప్లాస్టిక్ కవరులో. మందు సీసాలు. అలవాటు కొద్దీ నా కళ్ళు వాటిని తూచాయి. అంతా కలిపి నా సంచంత కూడా లేదు. ఆ కాగితం తీసినప్పుడు ఆవిడ దాన్ని ఆఫీసరుకి చూపించలేదు. బట్టల మీద బోర్లా పెట్టింది.

ఆఫీసరు గిన్నెలు కదిలించాడు. కప్పు సందులు చూశాడు. తర్వాత మంచం వైపు చెయ్యి చూపించి ఏదో అన్నాడు. స్టోరావిడ మొదటిసారి తడబడింది. మాకు తెలిసేలా చెప్పలేదు, అవసరం కూడా లేకపోయింది. తల్లి దగ్గరికి వెళ్ళి, చంకల కింద చేతులు వేసి, పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తబోయింది. తల్లి నొప్పికి మూలిగింది. మాస్టారు సాయం చెయ్యడానికి ముందుకి కదిలాడు.

"ఆపండి" అన్నాను. "ఇక్కడ లేవు. ఎక్కడా లేవు. నేను తేలేదు."

ఆఫీసరుకి అర్థం కాలేదు. మాస్టారికి అర్థమైంది, కానీ నమ్మినట్టు లేడు. నా మాటలు అవతలి మనిషికి చెప్పగలిగింది ఆ గదిలో ఒక్క మనిషే. ఆవిడ తల్లిని నెమ్మదిగా పడుకోబెట్టి, దుప్పటి సర్ది, నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"సరిగ్గా వినలేదు. మళ్ళీ చెప్పండి."

విన్నదని నాకు తెలుసు. "ఆ జోళ్ళు నేను తేలేదు. బయల్దేరే ముందు పెట్టెలోంచి తీసేశాను."

"ఎన్ని?"

"ఇరవై నాలుగూ."

"ఇప్పుడు ఎక్కడున్నాయి?"

"మా ఇంట్లో. కుట్టు మిషను కింద."

ఆఫీసరు ఏదో అడగబోతే, ఆగమన్నట్టు చెయ్యి ఎత్తింది.

"వాటి చోట్లో ఏం పెట్టుకున్నారు?"

అది ఎవరూ అడగని ప్రశ్న. ఆవిడకి కావలసిన ప్రశ్న. కిందికి చూశాను. నేల మీద ఆవిడ బతుకంతా పరిచి ఉంది. ఎక్కడ కాలు పెట్టాలో తెలియలేదు.

"దిండు" అన్నాను. "కెటిల్. టీ డబ్బా. బూట్లు."

ఆవిడ ఆఫీసరు వైపు తిరిగి తన భాషలో చెప్పడం మొదలుపెట్టింది. ఇన్ని రోజుల్లో వాళ్ళ మాటలు నాలుగైదు నాకూ పట్టుబడ్డాయి. అంకెలు తెలుసు, ఇల్లు అనే మాట తెలుసు. ఇరవై నాలుగు అని చెప్పింది. ఇల్లు అని చెప్పింది. దిండుకి వాళ్ళ మాట కూడా నాకు తెలుసు, వసారాలో పక్కలు వేసిన మొదటి రోజే నేర్చుకున్నాను. ఆ మాట మాత్రం రాలేదు. నా మీద జాలిపడి మానేసిందో, అంత సిగ్గుమాలిన మాట తన నోట రావడం ఇష్టంలేక మానేసిందో నాకు తెలియదు.

ఆఫీసరు జేబులోంచి తాళం చెవి తీసి ఇచ్చాడు. మాస్టారు ముందుకొచ్చి, "నాది తప్పు తల్లీ. పెద్దవాణ్ణి, తొందరపడ్డాను" అని తల వంచాడు. అరనిమిషంలో అయిపోయింది ఆయనకి. నాకు ఆ మాట కూడా కూడబలుక్కోవాల్సి వచ్చింది.

"నన్ను క్షమించు" అన్నాను చివరికి.

ఆవిడ బట్టలు మడుస్తోంది. తలెత్తలేదు. "నిజం చెప్పారు, సరే. కానీ మా అమ్మని మంచం మీంచి ఎత్తేదాకా ఆగారు."

ఆ రోజు నుంచి ఆవిడ నన్ను "అక్కా" అనలేదు. ఏదైనా అడగాల్సి వస్తే "ఏమండీ" అనేది.

డాక్టరమ్మకి నేనే చెప్పాను. మాస్టారు చెబుతానన్నాడు గానీ వద్దన్నాను. ఆవిడ చేతులు కడుక్కుంటోంది. నేను చెబుతున్నంతసేపూ కడుగుతూనే ఉంది. పంపు కట్టి, చేతులు తుడుచుకుని, "ఎవరైనా ఉండొచ్చని చెప్పాను కదా అక్కా" అంది. కేకలేస్తే బాగుండేది. "బయట జనం కూర్చున్నారు. వెళ్ళి పని చూడండి" అంది.

ఆ మధ్యాహ్నం ఏడుగురినీ పిలిచి పనికొచ్చేదేదైనా చేద్దామని కూర్చున్నాను. మా దగ్గరున్న వాటిలో పెద్దది నాలుగో నంబరు. రెండు నాలుగులని ఒకదాని మీద ఒకటి పెట్టి, ఫ్రేముల్ని సన్నటి తీగతో కట్టాను. ఎనిమిది అయింది. కావలసింది పదకొండు. చూడ్డానికి రెండు పురుగులు పెనవేసుకున్నట్టుంది, ముక్కు మీంచి జారిపోతోంది. వలల ముసలావిడ దాన్ని పెట్టుకుని కోడలి ముఖం పట్టుకుని దగ్గరికి లాక్కుంది. తర్వాత నా ముఖం తడిమి, చాలాసేపు ఏదో చెప్పింది. ఆవిడకి జరిగినదేదీ తెలియదు.

స్టోరావిడ పక్కనే నిలబడి, మామూలు గొంతుతోనే చెప్పింది. "దూరం నుంచి వచ్చి తన కోసం ఇంత కష్టపడ్డారంట. మీ చెయ్యి చల్లనిదంట. మిమ్మల్ని కన్న తల్లి పుణ్యాత్మురాలంట."

ఒక్క మాట తగ్గించలేదు. తల దించుకుని తీగ చివర్లు కత్తిరిస్తూ కూర్చున్నాను.

మిగిలిన వారం రోజులూ నా ముందు ఎవరూ మొహం మాడ్చుకోలేదు. అడిగినదానికి జవాబిచ్చేవాళ్ళు, భోజనానికి పిలిచేవాళ్ళు. చిన్న నర్సు మాత్రం పొద్దున్నే నేను టీ కాచి ఇస్తే, "వద్దండీ, మానేశాను" అంది. కెటిల్ మూటగట్టేశాను. దిండు తీసి పెట్టెలో పడేసి, తల కింద బట్టల మూట పెట్టుకున్నాను. మెడ పట్టేసింది. అదేదో ప్రాయశ్చిత్తం అనుకునేంత తెలివితక్కువదాన్ని కాను. దిండు చూడబుద్ధి కాలేదు, అంతే.

విమానాశ్రయానికి మా ఆయన వచ్చాడు. డిపోలో సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని. "ఎలా జరిగింది?" అన్నాడు. "బాగా జరిగింది" అన్నాను. డిపోలో అందరూ అడుగుతున్నారని, ఒకరోజు వచ్చి విశేషాలు చెప్పాలని అన్నాడు. రెండు రోజులు అలాగే నెట్టుకొచ్చాను. మూడో రోజు అన్నం దగ్గర అంతా చెప్పేశాను. ఆయన తినడం ఆపలేదు. తిని, చెయ్యి కడుక్కుని, కుట్టు మిషను కింద సంచి లాగి, ఒక్కో డబ్బా తెరిచి అద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చుని పాత వార్తాపత్రికల్లో చుట్టాను. డిపోకి రమ్మని మళ్ళీ అనలేదు.

పార్సిలు చేరడానికి పదకొండు వారాలు పట్టింది. అది అందిందని ఆఫీసరు డాక్టరమ్మకి ఉత్తరం రాశాడు. చుట్టుపక్కల దీవుల నుంచి కూడా జనం వచ్చి, మొత్తం పంతొమ్మిది మందికి సరిపోయాయట. నాలుగు స్టోరులో ఉన్నాయట. ఎవరుంటారు అనుకున్నాను నేను. పంతొమ్మిది మంది ఉన్నారు.

ఆ పంతొమ్మిది మందిలో వలల ముసలావిడ లేదు. గాలివానల కాలం రాగానే కొడుకూ కోడలూ ఆవిడని తీసుకుని ఇంకో దీవికి వెళ్ళిపోయారట. ఆవిడ జోడు పడవవాడి చేతికిచ్చి పంపారట. చేరిందీ లేనిదీ ఉత్తరంలో లేదు.

డాక్టరమ్మ చీటీలు ఇప్పటికీ మా షాపుకే వస్తాయి. తర్వాతి ఏడాది వేరే ఫిట్టరుతో వెళ్ళింది. ఆసుపత్రికి వెళ్ళి, ముసలావిడ సంగతి ఏమైనా తెలిసిందా అని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ, "కనుక్కుంటానక్కా" అంది. మూడోసారి వెళ్ళి, గుమ్మం దాకా పోయి, ఆగిపోయాను. ముసలావిడకి కళ్ళు కనపడుతున్నాయని వింటే నాకు నిద్ర పడుతుంది, అందుకే కదా నేను వెళ్ళింది. ఆ నిద్ర కోసం డాక్టరమ్మని వేధించడమెందుకని వెనక్కి వచ్చేశాను.